తర్క సందేహాలు: ఆ వాక్యం అక్కడ ఏ పని చేస్తోంది?

ఈ నెల అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే చిక్కు గురించి రాసినవి. ఒక చిన్న వాదనను ఇచ్చి, అందులోని ఒక వాక్యాన్ని చూపి, "ఈ వాక్యం వాదనలో ఏ పాత్ర వహిస్తోంది?" అని అడిగే ప్రశ్న చాలామందిని తికమక పెడుతోంది. మన దేశంలో న్యాయవిద్య కోసం క్లాట్ రాసేవారికీ, అమెరికాలో న్యాయవిద్య కోసం ఎల్‌శాట్ రాసేవారికీ, మేనేజ్‌మెంట్ చదువుల కోసం జీమ్యాట్ రాసేవారికీ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఎదురవుతుంది. అందువల్ల ఈసారి తక్కిన ఉత్తరాలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈ ఒక్క విషయానికే శీర్షికను కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను క్లాట్‌కు చదువుతున్నాను. మా కోచింగ్‌లో ఇచ్చిన ఒక వాదనలో ప్రతి వాక్యమూ నాకు అర్థమైంది. అయినా జవాబు తప్పింది. నాలుగింటిలో రెండింటిని సులభంగానే కొట్టివేస్తాను. మిగిలిన రెండింటిలో ఎప్పుడూ తప్పుదాన్నే ఎంచుకుంటున్నాను. ఎక్కడ పొరపాటు పడుతున్నానో చెప్పగలరా?
(ఒక విద్యార్థిని, హనుమకొండ)

జవాబు: మీరు పంపిన వాదన మలేరియా గురించినది. తక్కిన పాఠకుల కోసం దానిని కొద్దిగా కుదించి, వాక్యాలకు అంకెలు వేసి ఇస్తున్నాను.

1. చిత్తడి నేలల నుంచి లేచే చెడు గాలి వల్లనే మలేరియా వస్తుందని 19వ శతాబ్దంలో చాలామంది వైద్యులు నమ్మారు. 2. చిత్తడి నేలలను ఎండగట్టిన చోట్ల ఆ జ్వరం తగ్గిన మాట నిజమే. 3. కానీ నీరు పోయిన చోట చెడు వాసనతో పాటు దోమలు గుడ్లు పెట్టే తావు కూడా పోతుంది. 4. కాబట్టి జ్వరం తగ్గడాన్ని బట్టి తప్పు గాలిదేనని తేల్చలేము. 5. పైగా 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన దోమ కడుపు గోడలో ఆ రోగపు పరాన్నజీవిని చూశాడు. 6. జ్వరాన్ని మోసుకువచ్చేది గాలి కాదు, దోమ అనుకోవడమే సమంజసం.

ప్రశ్న రెండో వాక్యం గురించి. మీకు చివరికి మిగిలిన రెండు జవాబులు ఇవి. మొదటిది: "రచయిత ఖండించడానికి ఎత్తుకున్న అభిప్రాయం." రెండవది: "రచయిత అంగీకరించని అభిప్రాయానికి బలంగా కనిపించే వాస్తవం, రచయిత దానిని ఒప్పుకొని, దానికి వేరే వివరణ చూపుతాడు." మీరు మొదటిదాన్ని ఎంచుకున్నారు. సరైనది రెండవది.

మీ లోపం చదవడంలో లేదమ్మా. ఆ వాక్యం చెడుగాలి పక్షానికి ఉపయోగపడేదని మీరు సరిగానే కనిపెట్టారు. అయితే అక్కడితో ఆగిపోయారు. ఎదుటి పక్షానికి పనికివచ్చే ప్రతి మాటనూ రచయిత ఖండిస్తాడనే నియమమేమీ లేదు. ఇక్కడ ఆయన ఖండించేది మొదటి వాక్యంలోని నమ్మకాన్ని. రెండో వాక్యాన్ని ఆయన ముట్టుకోనే లేదు. పైగా "నిజమే" అని చేతులారా ముద్ర వేశాడు. ఆయన గురి ఆ రెండింటి మధ్య ఉన్న ముడి మీద. "చిత్తడి ఎండింది, జ్వరం తగ్గింది, కాబట్టి తప్పు గాలిదే" అనే వాదంలోని ఆ "కాబట్టి"ని ఆయన విప్పుతున్నాడు. మూడో వాక్యం ఆ పనికే పుట్టింది. ఆ పని పూర్తయినట్టు నాలుగో వాక్యం చాటుతుంది.

తరగతిలో నేను చేయించే పని ఒకటుంది. అడిగిన వాక్యాన్ని బొటనవేలితో మూసి, మిగిలినదాన్ని పైకి చదవండి. రెండో వాక్యాన్ని మూస్తే మూడో వాక్యపు మొదట్లోని "కానీ" దేనికి ఎదురు చెబుతోందో తెలియక వేలాడుతుంది. నాలుగో వాక్యంలోని "జ్వరం తగ్గడం" ఎక్కడిదో అంతుపట్టదు. కానీ ఆరో వాక్యానికి ఉన్న ఆధారం ఏమాత్రమూ తగ్గదు. నిజానికి నష్టపోయేది చెడుగాలి పక్షమే. దానికి ఈ వాదనలో ఉన్న ఒకే ఒక్క ఊతం పోతుంది. ఇప్పుడు వేలు తీసి ఐదో వాక్యం మీద పెట్టండి. ఈసారి నష్టపోయేది ఆరో వాక్యం. ఏ వాక్యాన్ని మూస్తే ఏది నష్టపోతుందో అది తెలిస్తే, మూసిన వాక్యం ఎవరి కోసం అక్కడ నిలబడిందో తెలిసినట్టే.

జీవశాస్త్రం చదివినవారు ఐదో వాక్యం దగ్గర నొసలు ముడవవచ్చు, అది న్యాయమే. దోమ కడుపులో పరాన్నజీవి కనబడినంత మాత్రాన, అదే దోమ దానిని మరొక మనిషికి అంటిస్తుందని తేలలేదు. మనిషి నుంచి దోమకు చేరిందని మాత్రమే దాని వల్ల తెలుస్తుంది. దోమ కాటు ద్వారా రోగం పాకే తీరును రాస్ 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పరిశోధించి చూపాడు. మనుషుల విషయంలో అదే ఏడాది ఇటలీ శాస్త్రవేత్తలు చూపారు. కనుక ఐదో వాక్యం ఒక్కటే ఆరో వాక్యాన్ని నిలబెట్టలేదు. అయినా అది ఆధారవాక్యమే. దూలం సన్నగా ఉన్నా దూలమే. అది కప్పును మోయగలదా అనేది వేరే ప్రశ్న. పాత్రను అడిగినప్పుడు బలాన్ని గురించి ఆలోచించి మార్కు పోగొట్టుకునేవారిలో బాగా చదివిన పిల్లలే ఎక్కువమంది ఉండడం నేను చూస్తున్నాను. విషయం తెలిసినవారికి వాక్యంతో తగువు పెట్టుకోవాలనిపిస్తుంది. ఈ ప్రశ్నలో ఆ తగువుకు చోటు లేదు.

క్లాట్‌లో 120 ప్రశ్నలకు ఇచ్చేది రెండు గంటలే. తప్పు జవాబుకు పావు మార్కు కోత కూడా ఉంది. ప్రతిసారీ వేలు పెట్టి చదివే వ్యవధి పరీక్షలో ఉండదు. ఇంటి దగ్గర ఒక నెల రోజులు అలా చేస్తే, పరీక్షలో కన్నే ఆ పని చేస్తుంది.

ప్రశ్న: గత సంచికలో మీరు ఇచ్చిన ఉదాహరణలో ప్రధాన నిర్ధారణను తప్పుగా గుర్తించారని నా అభిప్రాయం. "కాబట్టి" ఉన్న వాక్యమే నిర్ధారణ అన్న సూత్రాన్ని మీరే గుడ్డిగా పాటించారేమో అనిపించింది. పరిశీలించి రాయగలరు.
(విశ్రాంత ఉపాధ్యాయులు, తెనాలి)

జవాబు: మాస్టారూ, తప్పు నాదే. ఒప్పుకోవడానికి సంకోచం లేదు. గత సంచిక చూడనివారి కోసం ఆ ఉదాహరణను మళ్ళీ ఇస్తున్నాను. ఒక అపార్ట్‌మెంటు సంఘం నోటీసు బోర్డులో ఇలా ఉందనుకోమన్నాను: "మన బోరు ప్రతి వేసవిలోనూ ఎండిపోతోంది. కాబట్టి ఇంకుడు గుంత తవ్వించక తప్పదు. అందుకు సంఘం నిధి చాలదు కనుక ఒక్కో ఫ్లాటు నుంచి అదనంగా వసూలు చేయవలసి ఉంది." ఇందులో "ఇంకుడు గుంత తవ్వించక తప్పదు" అనేదాన్ని నేను ప్రధాన నిర్ధారణ అన్నాను. అది ఉపనిర్ధారణ మాత్రమే. నోటీసు అంటించినది గుంత కోసం కాదు, డబ్బు కోసం.

వాక్యాన్ని రెండు ప్రశ్నలతో పరీక్షించి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు. ఒకటి "ఎందుకని?", రెండవది "అయితే ఏమిటట?" బోరు ఎండిపోతోందన్న వాక్యాన్ని "ఎందుకని?" అని అడిగితే నోటీసులో జవాబు దొరకదు, అది ఎవరి ఆధారమూ లేకుండా నిలిచిన ఆధారవాక్యం. "వసూలు చేయవలసి ఉంది" అన్నదాన్ని "అయితే ఏమిటట?" అని అడిగితే నోటీసు అక్కడితో అయిపోతుంది, అది ప్రధాన నిర్ధారణ. మధ్యలో ఉన్న గుంత మాత్రం రెండు ప్రశ్నలకూ బదులిస్తుంది. ఎందుకని అంటే బోరును చూపుతుంది. అయితే ఏమిటట అంటే వసూలును చూపుతుంది. రెండు వైపులా బదులిచ్చే వాక్యమే ఉపనిర్ధారణ. కోచింగ్ సెంటర్లలో "ఇంటర్మీడియట్ కన్‌క్లూజన్" అనేది దీన్నే.

సందేహం తీరకపోతే రెండు వాక్యాలను అటూ ఇటూ మార్చి నడుమ "కాబట్టి" పెట్టి చదవవచ్చు. "గుంత తవ్వించాలి, నిధి చాలదు, కాబట్టి వసూలు చేయాలి" అంటే వినేవాడు తల ఊపుతాడు. "వసూలు చేయాలి కాబట్టి గుంత తవ్వించాలి" అంటే సంఘం కార్యదర్శి మీద అనుమానం పుడుతుంది.

మీరు లేవనెత్తిన "కాబట్టి" సంగతి దీనికంటే లోతైనది. ఆ మాటను మనం తెలుగులో రెండు వేర్వేరు పనులకు వాడుతున్నాము. "రాత్రి వాన కురిసింది కాబట్టి వాకిలి తడిసింది" అన్నప్పుడు వాన కారణం, తడి కార్యం. "వాకిలి తడిసింది కాబట్టి రాత్రి వాన కురిసింది" అన్నప్పుడు తడి వల్ల వాన కురవలేదు. తడి వల్ల వాన సంగతి మనకు తెలిసింది, అంతే. మన పెద్దలు మొదటిదాన్ని కారక హేతువు అనీ, రెండవదాన్ని జ్ఞాపక హేతువు అనీ విడదీశారు. వాక్య నిర్మాణం ఒక్కటే, కలిపే మాట ఒక్కటే, పాత్రలు మాత్రం తారుమారు.

వాకిలి తడిగా ఉన్నదని ఇద్దరమూ కళ్ళారా చూస్తున్నప్పుడు మొదటి వాక్యం వాదనే కాదు, వివరణ. అక్కడ ఎవరినీ దేనికీ ఒప్పించే పని లేదు. వాన కురిసిందో లేదో తెలియని మనిషితో రెండో వాక్యం చెప్పినప్పుడు అది వాదన అవుతుంది. కాబట్టి, ఎందుకంటే, అందువల్ల అనే మాటలను వెతికి గీతలు గీయమని పిల్లలకు చెప్పే ముందు, ఇందులో ఇద్దరికీ తెలిసిన సంగతి ఏది, ఒప్పించవలసిన సంగతి ఏది అని అడగమని చెప్పడం మేలు. గత నెల నేను ఆ పని చేయలేదు.

తెలుగు వాక్యంలో ఇంకొక చిక్కు ఉంది. ఆధారాన్ని మనం తరచుగా విడి వాక్యంగా చెప్పము. అసమాపక క్రియలో ఇమిడ్చి దాటిపోతాము. "నిధి చాలక వసూలు చేస్తున్నాము" అన్నప్పుడు "చాలక" అనే ఒక్క మాటలో ఒక పూర్తి ఆధారవాక్యం దాగి ఉంది. "నువ్వు పెద్దవాడివి కదా, సర్దుకుపో" అన్నప్పుడు "కదా" అనేది ఆధారాన్ని చర్చకు పెట్టకుండానే ఒప్పించేస్తుంది. "వాళ్ళు ఇస్తామన్నారట" అన్నప్పుడు చివరి "ట" ఆ మాట బాధ్యతను చెప్పేవాడి నెత్తి మీద నుంచి దించేస్తుంది. ఆ వాక్యం వక్త సొంత అభిప్రాయం కాకపోవచ్చునని ఆ ఒక్క అక్షరమే హెచ్చరిస్తుంది. పత్రికల సంపాదకీయాలను ఈ దృష్టితో చదివి చూడండి. మీ వంటి భాషాభిమానులకు మంచి కాలక్షేపం.

ప్రశ్న: వాదనలోని వాక్యం అబద్ధమని నాకు ఖాయంగా తెలిసినప్పుడు దాన్ని ఆధారం అని ఎలా ఒప్పుకోను?
(ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: మీరు ఒప్పుకోనక్కరలేదు. వాదించేవాడు దానిని ఆధారంగా వాడుకున్నాడా లేదా అన్నదే ప్రశ్న. కోర్టులో దొంగసాక్షి చెప్పినది కూడా సాక్షుల వాంగ్మూలాల్లోనే నమోదవుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఎల్‌శాట్‌కు సిద్ధమవుతోంది. వాదన అర్థమవుతుంది గానీ జవాబుల భాషే అర్థం కావడం లేదంటోంది. అవి ఆస్తి దస్తావేజుల్లా ఉన్నాయని నాకూ అనిపించింది. ఏదైనా ఉపాయం ఉందా?
(ఒక తండ్రి, డల్లాస్)

జవాబు: 2024 ఆగస్టు నుంచి ఎల్‌శాట్‌లో లాజిక్ గేమ్స్ విభాగాన్ని తీసివేశారు. దానితో మార్కులు లెక్కించే మూడు విభాగాలలో రెండు ఇప్పుడు లాజికల్ రీజనింగ్‌వే, ఒక్కొక్కటి 35 నిమిషాలు. వాదనలను విడదీసి చూడగల నేర్పుకు ఇదివరకటి కంటే విలువ పెరిగిందన్నమాట. కాబట్టి మీ అమ్మాయి ఈ ఇబ్బందిని చిన్నదిగా తీసుకోకపోవడం మంచిదే.

జవాబుల భాష అంత ముదురుగా ఉండడానికి కారణం ఉంది. వాటిలో దోమ, చిత్తడి, బోరు వంటి మాటలు ఉంటే విషయాన్ని చూసి జవాబు పోల్చుకోవచ్చు. అందుకని విషయాన్నంతా పిండి, "ఒక వాస్తవం", "ఒక పరికల్పన", "ఒక సాధారణ సూత్రం" అనే డొల్ల మాటలను మిగిల్చారు. ఆ డొల్లల్లో విషయాన్ని మళ్ళీ నింపుకుంటూ చదవాలి. "ఒక పరికల్పన" అని కనబడగానే "అంటే చెడుగాలి సిద్ధాంతం" అనీ, "ఒక వాస్తవం" అనగానే "అంటే జ్వరం తగ్గడం" అనీ మనసులో పూరించుకోవాలి. పూరించడానికి వాదనలో ఏదీ దొరకకపోతే ఆ జవాబును అక్కడే వదిలివేయవచ్చు.

దీనికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. జవాబులను చూడక మునుపే ఆ వాక్యం పాత్రను సొంత మాటల్లో చెప్పుకోవాలి. మీ ఇంట్లో తెలుగు వినబడుతూ ఉంటే తెలుగులోనే చెప్పుకోమనండి. "అవతలివాళ్ళు చూపించే సాక్ష్యం ఇది, ఈయన అవునంటూనే దారి మళ్ళించాడు" అని ఒక్క ముక్కలో అనుకున్న పిల్లకు, ఆ తరువాత ఏ జవాబు ఎంత గంభీరంగా ఉన్నా బెదురు ఉండదు. ముందుగా ఏమీ అనుకోకుండా జవాబులు చదివితే ఐదూ నిజంలాగే కనిపిస్తాయి.

జవాబులను రెండు ముక్కలుగా కోసి చదవడం మరొక జాగ్రత్త. "రచయిత అంగీకరించిన వాస్తవం, దీని ఆధారంగానే ఆయన తన నిర్ధారణకు వచ్చాడు" అనే జవాబులో మొదటి సగం నిజం, రెండో సగం అబద్ధం. పరీక్ష తయారుచేసేవారు నిజాన్ని ముందు పెట్టి అబద్ధాన్ని తోకకు కట్టడం పరిపాటి. అలాగే "బలం చేకూరుస్తుంది" అని ఉండవలసిన చోట "నిరూపిస్తుంది" అని ఉన్నదా, "ఒక ఆధారం" బదులు "ఏకైక ఆధారం" అని ఉన్నదా అని చూసుకోవాలి. జీమ్యాట్‌లో ఒకేసారి రెండు వాక్యాలను ముదురు అక్షరాలతో అచ్చువేసి, రెండింటి పాత్రలనూ కలిపి అడిగే ప్రశ్నలలో ఈ కోత మరీ ఉపయోగపడుతుంది. తేలికగా ఉన్న వాక్యం పాత్రను ముందు తేల్చుకుంటే, రెండోదాన్ని చూడకుండానే సగం జవాబులు రాలిపోతాయి.

ప్రశ్న: మీరు పరీక్షల పద్ధతిలో చెబుతున్న ఈ పాత్రలన్నీ మన ప్రాచీన తర్కమైన న్యాయదర్శనంలో ఉన్నవే కదా? ఐదు అంగాలున్న పంచావయవ వాక్యం ముందు ఇదంతా కొత్తేమీ కాదని నా విన్నపం.
(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: కొంతవరకు మీ మాట నిజమేనండీ. తెలుగువాడని ప్రసిద్ధి పొందిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రచించిన తర్కసంగ్రహమే ఇప్పటికీ తర్కం మొదలుపెట్టే సంస్కృత విద్యార్థులు మొదట పట్టే పుస్తకం. అందులోని కొండ, నిప్పు, పొగ ఉదాహరణను మీరు గుర్తు చేయకపోయినా నేను ఎత్తుకునేవాణ్ణి, ఎందుకంటే వాక్యం పాత్ర అనే మాటకు అంతకంటే మంచి పాఠం లేదు. "కొండ మీద నిప్పు ఉంది" అనడం ప్రతిజ్ఞ. "పొగ ఉన్నందువల్ల" అనడం హేతువు. "పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుంది, వంటింట్లో వలె" అనడం ఉదాహరణ. "ఈ కొండ కూడా అటువంటిదే" అనడం ఉపనయం. "కాబట్టి కొండ మీద నిప్పు ఉంది" అనడం నిగమనం.

మొదటిదాన్నీ చివరిదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ చెప్పిన సంగతి ఒక్కటే. అయినా శాస్త్రం వాటికి రెండు పేర్లు పెట్టింది. మొదటిది ఇంకా నిరూపించవలసిన మాట. చివరిది నిరూపణ పొందిన మాట. అర్థం మారకుండా పాత్ర మారగలదని ఇంత స్పష్టంగా చూపిన పద్ధతి ఇంకొకటి నాకు తారసపడలేదు. హనుమకొండ విద్యార్థిని ప్రశ్నకు ఇది కూడా ఒక జవాబే. వాక్యం అర్థం తెలిసినంత మాత్రాన దాని పాత్ర తెలిసినట్టు కాదు.

ఇక మనం రోజూ వాడే "నిప్పు లేనిదే పొగ రాదు" అనే సామెత ఈ ఐదింటిలో మూడోదానికి చెందినది, అందులోని వ్యాప్తి, అంటే పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందనే నియమం, అదే ఇది. వీధి అరుగు మీద ఎవరి గురించో గుసగుసలు పోతున్నవారు హేతువును చెప్పి, ఈ సామెతను జోడించి, నిగమనాన్ని మాత్రం నోటితో అనకుండా వినేవారికే వదిలేస్తారు. చెప్పకుండా వదిలిన నిర్ధారణ కూడా నిర్ధారణే. పైగా ఆ సామెత కొండ మీద పొగ విషయంలో ఎంత నిలుస్తుందో, మనుషుల మీద పుకార్ల విషయంలో అంత నిలవదు.

అయితే మీరు అన్నట్టు "అన్నీ ఉన్నవే" అనడానికి నేను వెనుకాడుతున్నాను. పంచావయవాలు ఒక పక్షపు వాదనను నిలబెట్టే అంగాలు. ఎదుటివారి మాటను ఎత్తుకొని, దానిలో కొంత ఒప్పుకొని, కొంత తోసిపుచ్చే వాక్యాలకు వాటిలో చోటు లేదు. దానికి వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకుల అధికరణ పద్ధతిని చూడాలి. విషయం, సంశయం, పూర్వపక్షం (ఎదుటివారి మాట), సిద్ధాంతం (చివరికి తేల్చిన మాట) అనే మెట్లు అక్కడ ఉంటాయి. మలేరియా వాదనలో మొదటి వాక్యం పూర్వపక్షం, ఆరో వాక్యం సిద్ధాంతం. పూర్వపక్షాన్ని శాస్త్రకారుడి మతంగా ఉదహరించే పొరపాటు పండిత వ్యాసాలలో సైతం అప్పుడప్పుడు కనిపిస్తుంది. మూల గ్రంథంలో నాలుగు పంక్తులు ముందుకు చదవకపోవడమే దానికి కారణం.

మరి రెండో వాక్యానికి మన శాస్త్రంలో పేరేమిటి? న్యాయసూత్రాలలో చెప్పిన నాలుగు రకాల సిద్ధాంతాలలో అభ్యుపగమ సిద్ధాంతం అనేది ఉంది. పరీక్షించని ఒక విషయాన్ని "సరే, అలాగే అనుకుందాం" అని తాత్కాలికంగా ఒప్పుకొని ముందుకు సాగడం అది. దీన్నే పట్టుకోవాలని నాకూ మొదట అనిపించింది. కానీ మలేరియా వాదనలో రచయిత "అనుకుందాం" అనలేదు, "నిజమే" అన్నాడు. ఆ ఒప్పుకోలు తాత్కాలికం కాదు. వాదన ముగిశాక కూడా ఆయన దానికి కట్టుబడే ఉంటాడు. పోలిక ఉన్నంత మాత్రాన పేరు అంటించకూడదని నా ఉద్దేశం. మీకు ఇంతకంటే సరిపోయే పరిభాష తెలిస్తే తప్పక రాయండి, ప్రచురిస్తాను.

ప్రశ్న: న్యాయశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నాను. ప్రవేశపరీక్ష కోసం నేర్చుకున్న ఈ విద్యను ఇక మరిచిపోవచ్చునా?
(ఒక విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: మీకు అసలు పని ఇప్పుడే మొదలైంది. ఒక తీర్పును తీసుకోండి. అందులో ఏ పేరా అయినా న్యాయమూర్తి రాసినదే. అయితే అన్నీ న్యాయమూర్తి అభిప్రాయాలు కావు. "అప్పీలుదారు తరఫు న్యాయవాది వాదన ఏమనగా" అని మొదలై రెండు పుటలు సాగే భాగం పూర్వపక్షం కావచ్చు. అందులోని ఒక వాక్యాన్ని కత్తిరించి "కోర్టు ఇలా అన్నది" అని రాసుకుంటే మీ మూట్ కోర్టులోనే (విద్యార్థుల నమూనా కోర్టులోనే) ఎదుటి జట్టు మిమ్మల్ని నిలదీస్తుంది. "ఈ వాదనలో బలం ఉన్నది" లేదా "ఈ వాదనతో ఏకీభవించలేము" అనే చిన్న వాక్యం ఎక్కడ ఉన్నదో ముందు వెతుక్కోండి. దానికి పైనున్నదంతా ఎవరి తరఫు మాటో దానితోనే తేలుతుంది.

ఆ తరువాతి మెట్టు మరింత కష్టం. న్యాయమూర్తి సొంత మాటల్లో సైతం, తీర్పు నిలబడడానికి అవసరమైన కారణం ఒకటి, సందర్భవశాత్తు చేసిన వ్యాఖ్య ఒకటి. మీ పుస్తకాలలో వీటిని రేషియో డెసిడెండై అనీ, ఒబిటర్ డిక్టా అనీ అంటారు. రాజ్యాంగం 141వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు ప్రకటించిన చట్టం దేశంలోని అన్ని న్యాయస్థానాలకూ శిరోధార్యం. అయితే తీర్పులోని ఏ వాక్యం ఆ చట్టాన్ని ప్రకటించింది అన్నది వాక్యం పాత్రను తేల్చే ప్రశ్నే. బొటనవేలి పద్ధతి ఇక్కడా పనికివస్తుంది: ఆ వాక్యాన్ని మూసివేస్తే తీర్పు ఫలితం మారుతుందా? మారకపోతే అది వ్యాఖ్య అయ్యే అవకాశమే ఎక్కువ.

ఎక్కువ అన్నాను, ఎల్లప్పుడూ అనలేదు. ఒకే ఫలితానికి న్యాయమూర్తి రెండు స్వతంత్ర కారణాలు చూపినప్పుడు ఏ ఒక్కదాన్ని మూసినా ఫలితం నిలుస్తుంది. అంతమాత్రాన రెండూ వ్యాఖ్యలైపోవు. అభిప్రాయాలు అనేకం ఉన్నప్పుడు ఇంకా చిక్కు. 1973 ఏప్రిల్ 24న వెలువడిన కేశవానంద భారతి తీర్పులో 13 మంది న్యాయమూర్తులు కలిసి 11 అభిప్రాయాలు రాశారు. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చజాలదన్న నిర్ణయం 7–6 తేడాతో నిలిచింది. ఆ అభిప్రాయాలన్నింటినీ కుదించి "మెజారిటీ అభిప్రాయం" పేరుతో ఒక సారాంశాన్ని జతచేస్తే దానిపై సంతకం చేసినది తొమ్మిది మందే. ఆ సారాంశపు పాత్ర ఏమిటన్నదానిపై న్యాయకోవిదులు తరువాత చాలాకాలం వాదించుకున్నారు. మీ గ్రంథాలయంలో ఆ తీర్పు సంపుటం ఉంటుంది. మొదట ఆ సారాంశాన్ని చదివి, పిమ్మట జస్టిస్ హెచ్. ఆర్. ఖన్నా అభిప్రాయాన్ని పూర్తిగా చదవండి. ఏ వాక్యం ఆయన నిర్ధారణో, ఏది ఎదుటి వాదానికి ఆయన ఇచ్చిన ఒప్పుకోలో పెన్సిలుతో అంచున గుర్తు పెట్టుకుంటూ వెళ్ళండి. పుస్తకం గ్రంథాలయానిది కాబట్టి పెన్సిలు మెత్తగా ఆనించండి.